చెయ్యి లోపలికి ఎందుకు వెళ్లింది: గోదావరి డెల్టా మిల్లుల్లో యంత్ర ప్రమాదాల అంచనా

గోదావరి డెల్టాలో కర్మాగారం అనగానే రాజమహేంద్రవరం కాగితం మిల్లో, తణుకు చక్కెర మిల్లో గుర్తుకు వస్తుంది. యంత్రాల మధ్య మనుషులు నిత్యం మసలే చోట్లు మాత్రం ఇక్కడ అంతకన్నా చిన్నవి, సంఖ్యలో చాలా ఎక్కువ. పంట కాలువల గట్ల వెంబడి బియ్యం మిల్లులు, కోనసీమ కొబ్బరి తోటల నడుమ పీచు తీసే షెడ్లు, భీమవరం చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, వాటికి ఐసు పంపే ఫ్యాక్టరీలు, చేపల మేత తయారుచేసే యూనిట్లు, డెల్టా అంచున పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు ఇందులోకి వస్తాయి. వీటిలో తిరిగే యంత్రాలు విడివిడిగా చూస్తే సాధారణమైనవే. అయితే వేళ్లు తీసేయడానికి పెద్ద కర్మాగారమే అక్కరలేదు, పది హార్స్‌పవర్ మోటారు చాలు.

ప్రమాదం జరిగాక రాసుకునే కాగితాల్లో తరచుగా ఒకే తరహా వాక్యం కనిపిస్తుంది: తిరుగుతున్న యంత్రంలో కార్మికుడు అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు అని. ఇది అబద్ధం కాకపోవచ్చు గానీ, విచారణను మొదలు కావలసిన చోటే ముగించేస్తుంది. ఆ చెయ్యి ఏ పని కోసం లోపలికి వెళ్లింది, ఆ పని చెయ్యి పెట్టకుండా జరిగే దారి ఆ యంత్రానికి ఉందా అనే రెండు ప్రశ్నలు అడిగితే కథ మారిపోతుంది. యంత్రం సాఫీగా సరుకు దించుతున్నంతసేపు దానిలో చెయ్యి పెట్టవలసిన అవసరం ఎవరికీ ఉండదు. అడ్డుపడిన సరుకు తీయడం, బెల్టు జారితే సరిచేయడం, పేరుకున్న తవుడు దులపడం, గ్రీజు కొట్టడం, రోలరు మార్చడం వంటి పనులప్పుడే మనిషి శరీరం యంత్రం లోపలికి చేరుతుంది. యంత్ర ప్రమాదాల అంచనా ఈ పనుల చుట్టూ జరగకపోతే ఎంత అందమైన ఫైలు తయారైనా అది ఉత్పత్తి జరిగే గంటల గురించే మాట్లాడుతుంది, ప్రమాదం జరిగే నిమిషాల గురించి కాదు.

ముందుగా యంత్రం మనిషిని ఎన్ని విధాలుగా పట్టుకుంటుందో చూడాలి. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల నడుమ, బెల్టు పుల్లీని తాకే చోట, గొలుసు పళ్ల చక్రం మీదికి ఎక్కే చోట లోపలికి లాగే సందు ఏర్పడుతుంది. రోడ్డు పక్కన చెరకు రసం తీసే మిషనులోనూ, బియ్యం మిల్లులో వడ్ల పొట్టు ఊడదీసే రబ్బరు షెల్లర్‌లోనూ ఉన్నది ఇదే సందు. పది అంగుళాల వ్యాసం, అంటే 254 మి.మీ. ఉన్న రబ్బరు రోలరు నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుందనుకుంటే దాని అంచు వేగం సెకనుకు 13 మీటర్లు దాటుతుంది. వేలికి రబ్బరు తగిలిన సంగతి మెదడుకు చేరి, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో రోలరు అంచు మూడు మీటర్లకు పైగా తిరిగేసి ఉంటుంది. "చురుగ్గా ఉంటే తప్పించుకోవచ్చు" అనే మాటకు ఈ లెక్క ముందు నిలబడే బలం లేదు. అనుభవం ఉన్నవాడి చెయ్యి అయినా, కొత్తవాడి చెయ్యి అయినా పావు సెకను పావు సెకనే.

రెండవది చుట్టుకోవడం. నున్నగా తిరుగుతున్న షాఫ్టు చూడటానికి అపాయం లేనట్టే ఉంటుంది గానీ, వేలాడే గుడ్డను పట్టుకోవడానికి దానికి కొక్కెం అక్కరలేదు. భుజం మీది తువ్వాలు, లుంగీ అంచు, చీర కొంగు, చున్నీ, వదులుగా వేలాడే జడ, గోనె సంచి నుంచి ఊడిన పురికొస దారం, ఏదైనా ఒక్క చుట్టు పడితే ఆ తరువాతి చుట్లు వాటంతట అవే పడతాయి. చక్రాన్ని షాఫ్టుకు బిగించే సెట్ స్క్రూ (చిన్న మర) గానీ, కీ (గాడిలో దించే ఇనుప ముక్క) చివర గానీ షాఫ్టు మీద బయటికి పొడుచుకు వచ్చి ఉంటే ఆ మొదటి చుట్టు ఇంకా తేలిక. 1948 ఫ్యాక్టరీల చట్టం 26వ సెక్షను సరిగ్గా ఈ చిన్న విషయాన్నే పట్టించుకుని, తిరిగే షాఫ్టుల మీది స్క్రూలు, బోల్టులు, కీలు లోపలికి దించి ఉండాలని, లేదా కప్పి ఉండాలని చెప్పింది. మార్కెట్లో తలలేని సెట్ స్క్రూ దొరుకుతున్నప్పటికీ చతురస్రపు తల ఉన్న పాత బోల్టునే బిగించే అలవాటు చాలా షెడ్లలో పోలేదు. ఇవి కాక కోత, నలుగుడు, యంత్రం నుంచి ఎగిరివచ్చే ముక్కలు అనే మిగిలిన రకాలు కత్తెర్లు, ప్రెస్సులు, గ్రైండింగ్ రాళ్లు ఉన్నచోట ముఖ్యమవుతాయి. డెల్టాలో ఎక్కువగా ఎదురయ్యేవి మొదటి రెండే.

బియ్యం మిల్లులో బెల్టుకు బిగించిన బకెట్లతో ధాన్యాన్ని పైకి చేర్చే ఎలివేటర్ అడుగున ఉన్న గుంట దగ్గర ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూస్తే ఈ అంచనా ఎక్కడ మొదలుకావాలో తెలుస్తుంది. కొనుగోలు ప్రమాణం ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. సార్వా కోతల వేళ తుపాను వాన తగిలితే ఆ అంకె కాగితం మీద ఎలా ఉన్నా, మిల్లుకు చేరే గింజ మాత్రం చేతికి అంటుకుంటుంది. దానికి తోడు కోత యంత్రంతో కోసిన ధాన్యంలో గడ్డి పోచలు కలిసి వస్తాయి. తడి గింజ, గడ్డి కలిసి ఎలివేటర్ అడుగున ముద్దకట్టి బకెట్లను పట్టేస్తాయి. మోటారు మూలుగుతుంది, పై పుల్లీ మీద బెల్టు జారి రబ్బరు కాలిన వాసన వస్తుంది. ఆపరేటర్ స్విచ్చు ఆపి, గుంటలోకి దిగి, అడుగు తలుపు తెరిచి, ముద్దను చేత్తో తోడటం మొదలుపెడతాడు. కరెంటు ఆపాడు కాబట్టి జాగ్రత్త తీసుకున్నట్టే లెక్క. కానీ పైకి ఎక్కే వైపు బకెట్లన్నీ నిండుగా ఉన్నాయి, దిగే వైపువి ఖాళీగా ఉన్నాయి. అడ్డు తొలగిన క్షణాన ఆ బరువుకు బెల్టు వెనక్కి తిరుగుతుంది, బకెట్టు అంచుకూ రేకు గోడకూ మధ్య చెయ్యి ఇరుక్కుంటుంది. ఇందులో కరెంటు పాత్ర లేదు, అజాగ్రత్త పాత్ర కూడా లేదు. రెండో అంతస్తులో ఉన్న మరొకరు గుంటలో మనిషి ఉన్న సంగతి తెలియక స్టార్టరు నొక్కడం ఇదే ప్రమాదానికి ఇంకో దారి.

ఈ ఒక్క పనిని సరిగా అంచనా వేస్తే చేయవలసినవి వాటంతట అవే బయటపడతాయి. బెల్టు వెనక్కి తిరగకుండా పై పుల్లీ షాఫ్టుకు బ్యాక్‌స్టాప్ బిగించాలి. అడుగు తలుపు తెరవగానే సరుకు దానంతట అదే బయటికి జారేలా వాలు ఉండాలి, అప్పుడు చేత్తో తోడే అవసరం తగ్గుతుంది. గుంటలో దిగేవాడి తాళం స్విచ్చుకు పడాలి. తడి ధాన్యాన్ని ముందు డ్రయ్యరుకు పంపాలి, గడ్డి పోచలను క్లీనరు దగ్గరే పట్టాలి. ఈ చివరి రెండూ వినడానికి భద్రత చర్యల్లా ఉండవు, ఉత్పత్తి విషయాల్లా ఉంటాయి. నిజానికి అడ్డుపడటం ఎన్ని సార్లు తగ్గితే చెయ్యి లోపలికి వెళ్లే సందర్భాలు అన్ని తగ్గుతాయి గనుక, ఎలివేటర్ గుంటకు వాటికి మించిన రక్షణ మరొకటి కనిపించదు.

యంత్ర భద్రతకు అంతర్జాతీయంగా మూలంగా ఉన్న ఐఎస్‌ఓ 12100 ప్రమాణం, ఇప్పుడున్న 2010 నాటి రూపంలో, ఇదే వరుసను చెబుతుంది. మొదట యంత్రం హద్దులను, అంటే ఎవరు, ఎక్కడ, ఏ పనులకు వాడతారో నిర్ణయించుకోవాలి. దాని జీవితంలోని ప్రతి దశలోనూ అపాయాలను గుర్తించి, ఒక్కొక్కదాని ముప్పును అంచనా కట్టాలి. తగ్గించే చర్యల్లో అపాయాన్నే తీసేసే నిర్మాణానికి మొదటి స్థానం, గార్డులకూ రక్షణ పరికరాలకూ రెండో స్థానం, హెచ్చరికలకూ సూచనలకూ చివరి స్థానం ఇవ్వాలి. పై నుంచి కిందికి వచ్చేకొద్దీ భద్రత యంత్రం మీద కాక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. చాలా మిల్లుల్లో ఆచరణ ఈ వరుసకు సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. ముందు "జాగ్రత్త" అనే బోర్డు వస్తుంది, ఇన్‌స్పెక్షను మాట వినపడితే గార్డు వస్తుంది, నిర్మాణం మార్చే ఆలోచన అసలు రాదు.

ముప్పును అంచనా కట్టడంలో చూసేవి ప్రధానంగా మూడు: గాయం తీవ్రత ఎంత, మనిషి ఆ చోటికి ఎంత తరచుగా, ఎంతసేపు చేరుతాడు, అపాయం మొదలైతే తప్పించుకునే వీలు ఉందా. వీటికి అంకెలు వేసి గుణించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లలో నింపే పట్టికలు ఇప్పుడు చిన్న యూనిట్లకూ వచ్చాయి. పట్టిక తప్పు కాదు. ఏసీ గదిలో కూర్చుని అరగంటలో ఇరవై యంత్రాలకు మార్కులు వేయడం తప్పు. రబ్బరు రోలరు మార్పు పనికి "అరుదు" అని రాసే అధికారికి, దాళ్వా సీజనులో రోలరు ఎన్ని రోజులకు అరుగుతుందో రాత్రి షిఫ్టు ఆపరేటరును అడిగితేనే తెలుస్తుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది తరచుదనం దగ్గరే. రికార్డులో నెలకోసారి అని ఉన్న పని, నిజానికి షిఫ్టుకు మూడుసార్లు, ఎవరికీ చెప్పకుండా, యంత్రం ఆపకుండా జరుగుతూ ఉంటుంది. తప్పించుకునే వీలు గురించి అడిగినప్పుడు కూడా "మావాళ్లు ఆరితేరినవాళ్లు" అనే జవాబు వస్తుంది. సెకనుకు 13 మీటర్ల అంచు వేగం ఉన్నచోట ఆ గడిలో "వీలు లేదు" అని తప్ప ఇంకొకటి రాయకూడదు.

అపాయాన్నే తీసేయడం అంటే ఖరీదైన కొత్త యంత్రం కొనడం అని అనుకోవడం వల్ల ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. గార్డు లోపల ఉన్న బేరింగుకు సన్నని గొట్టం వేసి గ్రీజు నిపుల్‌ను (గ్రీజు ఎక్కించే మొనను) గార్డు బయటికి తెస్తే, గ్రీజు కొట్టడానికి గార్డు విప్పే పని శాశ్వతంగా పోతుంది. మోటారును జరిపే బోల్టు బయటి నుంచే తిప్పేలా పెడితే బెల్టు బిగువు సరిచేయడానికి లోపలికి చెయ్యి పోదు. స్క్రూ కన్వేయర్ తొట్టి మీద బోల్టులతో బిగించిన మూత, సరుకు పోసే నోటి దగ్గర లావుపాటి ఇనుప చువ్వల జల్లెడ ఉంటే పైనుంచి కాలు పడే అవకాశం ఉండదు. ఇవన్నీ ఊళ్లోని వెల్డింగ్ షాపులో అయ్యే పనులు.

తీసేయలేని అపాయానికి గార్డు కావాలి. గార్డు విషయంలో కంటికి కనిపించని లెక్క ఒకటి ఉంది. జాలీ రంధ్రం ఎంత పెద్దదైతే వేలు, చెయ్యి అంత లోపలికి పోతాయి గనుక, గార్డు అపాయానికి అంత దూరంలో ఉండాలి. ఐఎస్‌ఓ 13857 ఈ దూరాలను పట్టికగా ఇచ్చింది. చతురస్రపు రంధ్రం 8 నుంచి 10 మి.మీ. మధ్య ఉంటే అపాయానికి కనీసం 25 మి.మీ. దూరం చాలు. అదే 10 నుంచి 12 మి.మీ. అయితే 80 మి.మీ., 20 నుంచి 30 మి.మీ. అయితే 120 మి.మీ., 30 నుంచి 40 మి.మీ. అయితే 200 మి.మీ. కావాలి. 40 మి.మీ. దాటి 120 మి.మీ. వరకు ఉన్న రంధ్రంలో భుజం దాకా చెయ్యి పోతుంది కాబట్టి దూరం ఒక్కసారిగా 850 మి.మీ.కు పెరుగుతుంది. అంగుళంన్నర కన్నుల కోళ్ల జాలీని వి-బెల్టుకు రెండంగుళాల ఎడంలో బిగించిన గార్డు చూపుకు గార్డే గానీ, వేళ్ల పాలిటి అది తెరిచిన తలుపు. కింద ఖాళీ వదిలేసి ముందువైపు మాత్రమే కప్పిన గార్డులదీ ఇదే పరిస్థితి. నేల మీద పడిన గింజలు ఊడ్చే మనిషి చెయ్యి వెళ్లేది ఆ కింది ఖాళీలోకే.

గార్డు ఎందుకు ఊడదీస్తారు అనే ప్రశ్నకు క్రమశిక్షణ లేకపోవడం అనేది సులువైన జవాబు. గార్డులను చూస్తే వేరే జవాబులు దొరుకుతాయి. రేకుతో మూసేసిన గార్డు లోపల బెల్టు కనిపించదు, కాబట్టి బెల్టు చూడాలంటే విప్పాలి. నల్ల రంగు వేసిన జాలీ అయితే దాని గుండా చూపు తేలికగా పోతుంది. నాలుగు మూలలా తుప్పుపట్టిన ఎనిమిది బోల్టులుంటే విప్పినవాడు తిరిగి రెండే బిగిస్తాడు, మూడోసారికి గోడకు ఆనించి వదిలేస్తాడు. విప్పినా గార్డునే అంటిపెట్టుకుని ఉండే బోల్టులు వాడాలని, అవి పనిముట్టు లేకుండా ఊడకూడదని ప్రమాణాలు చెప్పడానికి కారణం ఇదే. తవుడు ధూళి లోపల పేరుకునే గార్డు వేడెక్కుతుంది, నిప్పు భయంతో తీసేస్తారు. అడుగున ధూళి రాలే దారి, అది కూడా చెయ్యి దూరని సందుగా, ముందే ఉంటే ఆ కారణం పోతుంది. షిఫ్టుకోసారి తీయక తప్పని గార్డును బోల్టులతో బిగించడం రూపకల్పనలోని లోపం. ఆ చోట కీలు తలుపు, దానికి ఇంటర్‌లాక్ ఉండాలి.

ఇంటర్‌లాక్ అంటే తలుపు తెరిస్తే యంత్రం ఆగిపోయే ఏర్పాటు. చాలాచోట్ల దీనిని తలుపు మూసినప్పుడు పిన్ను నొక్కుకుపోయేలా, తెరిచినప్పుడు లోపలి స్ప్రింగు బలంతో పిన్ను బయటికి వచ్చేలా బిగిస్తారు. అలాంటి స్విచ్చును ఓడించడానికి ఒక ఇన్సులేషన్ టేపు ముక్క చాలు. పైగా స్ప్రింగు విరిగినా, కాంటాక్టు అతుక్కుపోయినా తలుపు తెరిచి ఉండగానే యంత్రం తిరుగుతుంది. సరైన పద్ధతిలో తలుపు తెరుచుకునే కదలికే పిన్నును బలంగా నొక్కి కాంటాక్టును విడదీస్తుంది. అప్పుడు స్ప్రింగు మీద ఆధారపడేది ఏమీ ఉండదు. ఇంటర్‌లాక్‌ల గురించిన ఐఎస్‌ఓ 14119 ప్రమాణం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ స్విచ్చును పక్కదారి పట్టించాలనే కోరిక పనివాడికి ఎందుకు పుడుతుందో కూడా ముందే అంచనా వేయమంటుంది. సర్దుబాటు చేస్తూ సరుకు ఎలా వస్తుందో చూడవలసిన పని ఉంటే, తలుపు మూసి ఉంచమని ఎంత చెప్పినా టేపు పడుతుంది. కిటికీ పెట్టడమో, నొక్కిపట్టినంతసేపే నెమ్మదిగా తిరిగే ఏర్పాటు చేయడమో పరిష్కారం.

కరెంటు పోగానే ఆగే యంత్రాలకు ఈ స్విచ్చు సరిపోతుంది. కొబ్బరి పీచు తీసే డ్రమ్ము వంటి బరువైన యంత్రం అలా ఆగదు. మనిషి చెయ్యి సెకనుకు 1.6 మీటర్ల వేగంతో అపాయం వైపు కదులుతుందని ప్రమాణాలు లెక్కిస్తాయి. కరెంటు తీశాక డ్రమ్ము నిలవడానికి ఇరవై సెకన్లు పడితే, చెయ్యి అందుకోలేనంత దూరం అంటే 32 మీటర్లు, అంటే షెడ్డు అవతలి కాలువ గట్టు. అటువంటి చోట తలుపు తెరవగానే కరెంటు తీసే స్విచ్చు వల్ల ప్రయోజనం లేదు, డ్రమ్ము పూర్తిగా నిలిచేదాకా తలుపునే తెరుచుకోనివ్వని తాళం కావాలి. అది పెట్టలేని పాత యంత్రానికి, తలుపు పట్టీని పొడవాటి మరతో బిగించి, దానిని విప్పడానికే డ్రమ్ము ఆగేంత సమయం పట్టేలా చేయడం పాత పద్ధతే అయినా పనికివచ్చే పద్ధతి.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు నలిపే క్రషరు దగ్గరికి వస్తే ఈ దూరం లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. నడుము ఎత్తులో నోరు తెరుచుకున్న తొట్టి, దాని అడుగున ముళ్ల డ్రమ్ము, చుట్టూ నీళ్లు కారుతున్న సిమెంటు నేల. రొయ్యల లారీ బయట ఎదురుచూస్తుంటుంది. దిమ్మ నోటికి అడ్డంగా ఇరుక్కుంటే పనివాడు దానిని కాలితో తన్నుతాడు, లేదా ఇంకో దిమ్మతో నెడతాడు. రబ్బరు చెప్పు జారితే కాలు ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. ఇక్కడ ఎరుపు బటను ఎంత దగ్గరగా ఉన్నా ఆ కాలును కాపాడదు. కాపాడేది తొట్టి ఆకారమే. దిమ్మను పడుకోబెట్టి జార్చే ఏటవాలు చ్యూట్ మనిషి చెయ్యి, కాలు అందని పొడవుతో, పైన కప్పుతో ఉండాలి. దిమ్మను నెట్టడానికి అక్కడే అమర్చిన పలక ఉండాలి. వ్యవసాయ నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్నాయని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ఆ నూర్పిడి యంత్రాల్లోకి పంటను అందించే చ్యూట్‌కు కోరే కొలతలు కూడా ఇదే ఆలోచనతో ఉంటాయి: పొడవు కనీసం 90 సెం.మీ., అందులో 45 సెం.మీ. మేర పైకప్పు. పొలంలోని యంత్రానికి అంగీకరించిన తర్కాన్ని ఐసు క్రషరుకు పట్టించకపోవడానికి కారణమేదీ కనిపించదు.

ఎరుపు బటను గురించి ఒక అపోహ బలంగా ఉంది. పసుపు నేపథ్యం మీద పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఆ అత్యవసర బటను గాయం మొదలయ్యాక నష్టాన్ని తగ్గించేది మాత్రమే, గార్డుకు బదులు కాదు. దానిని విడుదల చేసినంత మాత్రాన యంత్రం తిరగకూడదు, మళ్లీ స్టార్టు నొక్కినప్పుడే తిరగాలి. కరెంటు పోయి వచ్చినప్పుడూ అంతే. మామూలు మోటారు స్టార్టరులో కరెంటు పోతే కాయిలు పట్టు వదిలి, కాంటాక్టులు విడిపోయి, తిరిగి ఎవరో నొక్కేదాకా మోటారు కదలదు. పొలాల్లో రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు మనిషి వెళ్లనక్కర లేకుండా పంపుసెట్టు దానంతట అదే తిరిగేందుకు ఆటో స్టార్టర్లు పెట్టుకునే అలవాటు ఈ ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. పొలానికి సౌకర్యమైన ఆ పెట్టె షెడ్డులోని యంత్రానికి బిగిస్తే, కరెంటు లేదు కదా అని డ్రమ్ములో చెయ్యి పెట్టినవాడి పాలిట అది మృత్యువు. అంచనాకు వెళ్లినవారు గార్డుల కన్నా ముందు స్టార్టరు పెట్టె మూత తీయించి చూడటం మంచిది.

మరమ్మతు వేళ స్విచ్చుకు తాళం వేసే పద్ధతికి కావలసింది కొన్ని తాళాలు, కొన్ని ట్యాగులు, మార్పు లేని ఒక నియమం: లోపలికి దిగే ప్రతి మనిషీ తన తాళం తానే వేయాలి, ఆ తాళం చెవి అతని జేబులోనే ఉండాలి, మరొకరు తీయకూడదు. "ఫీజులు పీకి మేస్త్రి దగ్గర ఉంచాం" అనేది దీనికి సమానం కాదు, ఎందుకంటే మేస్త్రికి ఫోను వస్తుంది, షిఫ్టు మారుతుంది, జ్ఞాపకం తప్పుతుంది. తాళం వేశాక స్టార్టు నొక్కి యంత్రం కదలలేదని రుజువు చేసుకోవాలి. జనరేటరు ఉన్న ప్లాంటులో ఛేంజోవర్ (లైను కరెంటుకూ జనరేటరుకూ మధ్య మార్చే స్విచ్చు) ఏ వైపున ఉన్నా ఆ యంత్రానికి కరెంటు చేరని చోట తాళం పడాలి. ఆ తరువాత కరెంటు కాని శక్తులను చూడాలి. నిండిన బకెట్ల బరువు, కంప్రెషరు గాలి, హైడ్రాలిక్ సిలిండరులో నిలిచిన ఒత్తిడి, ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి గొట్టం, బిగువుగా ఉన్న స్ప్రింగు, ఇవేవీ స్విచ్చు మాట వినవు.

చట్టం ఏం అడుగుతుందో క్లుప్తంగా. ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను కదిలే ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండాలని, అవి కదులుతున్నంతసేపు ఆ కంచె స్థానంలోనే ఉండాలని చెప్పింది. కదులుతున్న యంత్రాన్ని పరీక్షించక తప్పనప్పుడు, 22వ సెక్షను ప్రకారం ప్రత్యేక శిక్షణ పొంది, ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకుని, రిజిస్టరులో పేరున్న వ్యక్తే ఆ పని చేయాలి. 24వది కరెంటు తీసే పరికరాల గురించి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. కరెంటు వాడే చోట పదిమంది కార్మికులుంటే ఫ్యాక్టరీ అనే పాత గీత ఇప్పుడు ఇరవైకి పెరిగింది, కరెంటు లేనిచోట ఇరవై నలభై అయింది. డెల్టాలోని చిన్న మిల్లులు, పీచు షెడ్లలో చాలా వాటికి ఈ మార్పు తగిలే అవకాశం ఉంది. పదిమంది ఉన్న సంస్థకు యజమాని సాధారణ బాధ్యతలు కోడ్ కింద కొనసాగుతున్నా, ఫ్యాక్టరీగా లెక్కలోకి రాని షెడ్డుకు ఇన్‌స్పెక్షను భయం తక్కువ. రోలరు వేగానికి మాత్రం పదికీ ఇరవైకీ తేడా తెలియదు.

పరిహారం లెక్క కూడా యజమానులు చదువుకోవలసిందే. ఆ కోడ్‌లలోనే ఒకటైన సామాజిక భద్రత కోడ్ స్థానం తీసుకున్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం నష్టంగా లెక్కకట్టారు. మూటలు మోసే హమాలీకి చూపుడు వేలు విలువ 14 శాతమే అనేది కాగితపు లెక్క, పట్టు లేని చేతికి బస్తా దొరకదు. భద్రతా గార్డును కార్మికుడే కావాలని తీసేసి ఉంటే, మరణం గానీ పూర్తి శాశ్వత వైకల్యం గానీ కానంతవరకు యజమాని బాధ్యత తప్పుతుందని అదే చట్టం చెప్పింది. గార్డు ఎవరు తీశారన్న తగాదా ఇక్కడి నుంచే పుడుతుంది. తీయకుండా పని జరగని గార్డును అమర్చిన యజమాని ఈ మినహాయింపును వాడుకోవడం న్యాయంగా లేదు.

హెచ్చరికలు, శిక్షణ చివరి మెట్టే అయినా వాటిలోనూ స్థానిక విషయాలున్నాయి. మిల్లుల్లో బస్తాలు మోసేవారు, యంత్రాల దగ్గర సాయంగా ఉండేవారు బీహార్, ఒడిశాల నుంచి వస్తున్నారు. బోర్డు తెలుగులోనే ఉంటుంది. బొమ్మలతో పాటు హిందీ, ఒడియా మాటలు కూడా రాయించడానికి పెద్ద ఖర్చు కాదు. అంతకన్నా ముఖ్యం, కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజే యంత్రం ఆపే స్విచ్చు చూపించి, అతని చేత ఆపించి చూడటం. పీచు షెడ్లలో, రొయ్యల ప్లాంట్లలో ఆడవారు ఎక్కువ. చీర మీద బిగుతుగా వేసుకునే పొడవు చేతుల ఓవర్‌కోటు, జడను కప్పే టోపీ యాజమాన్యమే ఇవ్వాలి గానీ "కొంగు దోపుకోండి" అనే కేక దానికి ప్రత్యామ్నాయం కాదు. ఆయుధ పూజ నాడు యంత్రాలన్నీ ఆపి కడిగి పసుపు కుంకుమ పెట్టే ఆచారం దాదాపు ప్రతి మిల్లులోనూ ఉంది. యంత్రాలన్నీ ఒకేసారి నిలిచి, శుభ్రంగా, మూతలు తీసి కనిపించే ఆ రోజుకన్నా గార్డుల కొలతలు తీయడానికి అనువైన రోజు ఏడాదిలో మరొకటి దొరకదు.

కొత్త యంత్రం కొనేటప్పుడు బేరం మోటారు దగ్గర, రోలరు దగ్గర ఆగిపోతుంది. గార్డులు "తరువాత చేయించుకోవచ్చు" అనే పద్దులోకి పోతాయి. తయారీదారు తన షెడ్డులో చేస్తే అతుకు లేకుండా కుదిరే గార్డు, మిల్లులో యంత్రం బిగించాక చేయిస్తే ఎక్కడో ఒకచోట సందు వదులుతుంది. అందువల్ల ఆర్డరు కాగితం మీదే కొన్ని షరతులు రాయించుకోవాలి: బెల్టులకు, గొలుసులకు అన్ని వైపులా గార్డు, బయటికి తెచ్చిన గ్రీజు నిపుల్స్, తాళం పట్టే ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా వేరుచేసే స్విచ్చు), కరెంటు తీశాక యంత్రం నిలవడానికి పట్టే సెకన్ల అంకె. సెకండ్ హ్యాండ్ యంత్రానికైతే ఆ చివరి అంకెను కొనేవారే వాచీ పట్టుకుని కొలుచుకోవాలి, అమ్మేవాడు సరుకు పోయకుండా ఖాళీగా తిప్పి చూపిస్తున్నప్పుడే, అడ్వాన్సు చేతులు మారకముందే.